గడప బయట నలభై రోజులు

పగ తీర్చుకోవడానికి కొందరు కత్తి పడతారు, కొందరు కోర్టుకెక్కుతారు, కొందరు మంత్రగాడి ఇంటి తలుపు తడతారు. నేను ఆధ్యాత్మిక పుస్తకం చదివాను. తొమ్మిదిమంది ఆడవాళ్ల మధ్య కూర్చుని, బిగ్గరగా, ఒక్కో వాక్యం మూడేసిసార్లు చదివాను. ఎవరూ తప్పుపట్టలేదు సరికదా, షోలాపూర్‌లో మేముండే దాజీ పేట్‌లో నాకు భక్తురాలని పేరొచ్చింది.

నా పగ మా మేనత్త మీద. ఆమె నాకేం చేసిందో ముందే చెప్తాను, లేకపోతే చదివేవాళ్లకు ఆమె మీద జాలి పుడుతుంది. అది నాకు ఇష్టం లేదు.

మా నాన్నా, మేనత్తా నల్లగొండ వైపు నుంచి మగ్గాల పనికి షోలాపూర్ వచ్చినవాళ్లు. మా గల్లీలో మరియమ్మ పటం ఉన్న ఇళ్లు రెండే. ముందున్నది అత్తది, దాని వెనక రెండు గదులు మావి. అమ్మ నా చిన్నప్పుడే పోవడంతో నన్ను ఊరివైపు సిస్టర్ల హాస్టల్లో వేశారు. ఏడో తరగతి దాకా అక్కడే చదివాను. తెలుగు చదవడం నాకు అబ్బింది అక్కడే. ఇంకోటి కూడా అబ్బింది. అన్నం వేళకు సిస్టర్లు పొడవాటి బల్ల ముందు వరసగా కూర్చునేవాళ్లు, ఒకామె నిలబడి పుస్తకం చదివేది, మిగతావాళ్లు మాట లేకుండా తినేవాళ్లు. కిటికీ అవతల నిలబడి నేను రోజూ చూసేదాన్ని. ఆ గదిలోకి వెళ్లి ఆ బల్ల చివర కూర్చోవాలని ఉండేది. మా గల్లీకి తిరిగొచ్చాక ఆ ఆశ ఇంకా పెరిగింది. పవర్‌లూమ్‌ల మోతలో పక్కనున్న మనిషి మాట వినాలన్నా పెదాలు చూడాల్సిన చోటు మాది.

పంతొమ్మిదేళ్లప్పుడు మఠానికి ఉత్తరం రాశాను. గంట కొడితే లేచి, గంట కొడితే పడుకునే మఠం, గేటు దాటి బయటికి రాని సిస్టర్లు. వాళ్ల తరఫున, బయట తిరిగే వేరే సిస్టర్లు ఇద్దరు మా ఇల్లూవాకిలీ చూడ్డానికి వచ్చారు. ఆ పూట నేను చేసిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయాను, నాన్న మగ్గం మీద ఉన్నాడు. ఇంట్లో ఉన్నది అత్త ఒక్కతే. నేను తిరిగొచ్చేసరికి వాళ్లు వెళ్లిపోయారు, కడిగిన కప్పులు బోర్లించి ఉన్నాయి.

నెలకు జవాబు వచ్చింది. మేనబావతో పెళ్లి నిశ్చయమైన అమ్మాయిని చేర్చుకోవడం తమ పద్ధతి కాదనీ, ఆ సంగతి మా మేనత్తే చెప్పిందనీ, భగవంతుడు నా కాపురాన్ని దీవిస్తాడనీ రాశారు. ఉత్తరంతో పాటు ఒక చిన్న పుస్తకం పంపారు. మఠానికి రాలేని గృహస్థులు ఇంట్లోనే మఠవాసుల్లా ఎలా బతకాలో అందులో ఉంది. పెళ్లికి పిలవకుండా ఇంటికి విస్తరాకు పంపినట్టు.

నేను అత్త ముందుకు వెళ్లి అడిగాను.

"నేనేమన్న? చాయ తాగిపిచ్చిన, గంతే," అంది.

నాన్నతో చెప్తే ఆయన తల గోక్కున్నాడు. "మేనత్త గదనే. ఆమె హక్కు ఆమె అడిగిందేమో" అన్నాడు. మావాళ్లలో తమ్ముడి కూతురి మీద అక్కకు ఉండే హక్కు ముందు దేవుడి హక్కు కూడా ఓ అడుగు వెనకే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా ఇంట్లో పూజారి అత్త.

పోనీ ఆ బావైనా నన్ను చేసుకున్నాడా? ఏడాది తిరక్కుండానే భివండీ మగ్గాలకు పోయి, అక్కడే ఒక పిల్లను చూసుకుని పెళ్లాడాడు. నేను రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. మఠానికి మళ్లీ రాశాను, జవాబు రాలేదు. మూడోసారి రాయడానికి రోషం అడ్డొచ్చింది. నాన్నకూ అత్తకూ వండిపెడుతూ, బీడీలు చేసుకుంటూ ఎనిమిదేళ్లు గడిపాను. అంతకాలమూ ఆ పుస్తకం ట్రంకుపెట్టె అడుగున ఉంది. అంతకాలమూ అత్త ఆ సంగతి ఎత్తలేదు. రోజూ నా చేతి అన్నమే తిని, "ఉప్పు తక్కువైంది" అనేది.

నాకు ఆమె దగ్గర కావలసింది ఒక్కటే. 'నేను అబద్ధం చెప్పాను, దీని దారి నేను మూశాను' అని నలుగురి ముందూ ఆమె నోటితో అనాలి. ఆస్తి అక్కర్లేదు, ఏడుపు అక్కర్లేదు. ఆ మాట కావాలి.

చేతిమగ్గాల పని పడిపోయాక అత్త ఇంటి ముందుగదిలో మగ్గం తీసేసి, గుంట పూడ్చి సిమెంటు చేయించారు. గల్లీలో అంత పెద్ద గది ఇంకోటి లేదు. మధ్యాహ్నం కాగానే ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని అక్కడ చేరేవాళ్లు. అత్తా నేనూ తప్ప అందరూ హిందువులే. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, అన్నీ చేతులే చూసుకునేవి. చెవులు ఖాళీ. ఒక రేడియో ఉండేది, అది పాడైంది.

"నీకు తెలుగు చదువొచ్చు గద పోరీ. ఏదన్న చదువు. నీ చాట మేం నింపుతం," అన్నారు. తలా ఒక కట్ట చేసి నా చాటలో వేస్తే నా పని అయిపోయేది.

వాళ్లంతా మరాఠీ బడికి పోయినవాళ్లు, లేదా ఏ బడికీ పోనివాళ్లు. తెలుగు అక్షరం చూసి చదవగలిగేది ఆ గదిలో నేనొక్కదాన్నే. ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఇంట్లో ఉన్న తెలుగు పుస్తకం అదొక్కటే. ట్రంకుపెట్టె తెరిచాను.

వాళ్లకు ఎక్కుతుందనుకోలేదు. కానీ ఎక్కింది. త్వరత్వరగా చదవొద్దు, ఒక్క వాక్యాన్ని మళ్లీమళ్లీ చదివి మనసులో నమలాలి అని మొదట్లోనే ఉంది. "ఆవు నెమరేసినట్టన్నమాట," అంది ఎదురింటి వదిన, దవడలో తంబాకు సర్దుకుంటూ. అప్పట్నుంచీ ప్రతి వాక్యం మూడుసార్లు. చేసే పనే ప్రార్థన కావాలి అన్న చోట అందరూ తమ వేళ్ల వంక చూసుకున్నారు. తక్కువ మాట్లాడమన్న చోట మాత్రం మూలింటి అక్క ఒప్పుకోలేదు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. "మఠంల అందరు ముసలోళ్లే ఉంటరేమో, మాట్లాడనీకె ఏమున్నది వాళ్లకు," అంది. నవ్వుకున్నాం. నిజం చెప్పాలంటే ఆ నెలలు బాగున్నాయి. కిటికీ అవతల నుంచి చూసిన గది నా ఇంటికే వచ్చినట్టుండేది. అత్త నాకు ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుని కళ్లు మూసుకుని వినేది. ఆమెను అలా హాయిగా చూస్తుంటే కడుపు మండేది. నేను పోగొట్టుకున్నదాన్ని ఆమె నా గొంతులో వింటోంది.

అప్పుడొక పేజీ వచ్చింది. మఠంలో కొన్ని రోజులకోసారి అందరూ చేరి, ఎవరి తప్పు వాళ్లు పైకి చెప్పుకుంటారట. ఫాదర్ చెవిలో చెప్పుకునే పాపాలు వేరు, ఇవి బయటి తప్పులు. ఆలస్యంగా రావడం, కుండ పగలగొట్టడం, కసురుకోవడం లాంటివి. ఇంకొకరి పేరెత్తకూడదు. మిగతావాళ్లు వాదించకూడదు.

"మనం గూడ చేద్దాం," అన్నారు ఆడవాళ్లు. పండగలా తీసుకున్నారు. మగ్గాలకు సెలవున్న రోజు గల్లీ నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి ఆ రోజు పెట్టుకున్నాం. ఒకామె మొగుడు తాగడానికి పోకుండా ఆయన చెప్పులు నీళ్ల తొట్టిలో దాచానంది. ఒకామె తన ముతక ఆకులు పక్కామె మంచి ఆకుల్లో కలిపానంది. ఆ పక్కామె అక్కడే కూర్చుని ఉంది. వాదించకూడదు కాబట్టి పళ్లు కొరుక్కుంది. మూలింటి అక్క తన వంతు వచ్చినప్పుడు తప్పులు చెప్పడం ఆపలేదు, మేమే ఆపాల్సి వచ్చింది.

నేను అత్త వంతు కోసం చూశాను.

"పాలు పొంగిపోయినయ్, నా తప్పు," అంది అత్త.

తర్వాతి సెలవుకు: "జపమాల సగంల నిద్రవొయిన."

ఆ తర్వాతి సెలవుకు: "పిల్లిని కొట్టిన."

ఎనిమిదేళ్ల నా బతుకు కంటే ఆమెకు పిల్లి గుర్తుంది. ఆ రోజు నాకు అన్నం దిగలేదు. కోపమొస్తే ఏడ్చేవాళ్లున్నారు, నాకు బుర్ర చురుగ్గా పనిచేస్తుంది.

మర్నాడు పుస్తకం తెరిచాను. నా కళ్లముందున్న పేజీలో వంటింటి పాత్రలను గుడిలో పాత్రలంత శ్రద్ధగా చూసుకోమని ఉంది. నేను ఇలా చదివాను: "ఒకరు దేవుని ఇంటికి బయలుదేరినప్పుడు ఆ దారికి అడ్డం నిలిచినవారు, ఆ సంగతి నలుగురిలో ఒప్పుకోనంత వరకు వారి ప్రార్థన ఇంటికప్పు దాటదు."

మూడుసార్లు చదివాను. మాట తడబడలేదు. అబద్ధం ఇంత సులువని నాకు తెలీదు. గది అంతా "అబ్బ" అంది. సగం చుట్టిన ఆకు అత్త చేతిలో ఆగిపోయింది. దొంగకు తేలు కుట్టినట్టే. నాకు చల్లగా అనిపించింది.

రెండు రోజులయ్యాక, నేను పొయ్యి దగ్గరుంటే అత్త వచ్చి నిలబడింది. "మొన్నటి ఆ పేజీ మల్ల చదువు," అంది. చేతులు తుడుచుకుని పుస్తకం తెచ్చి చదివాను. ఈసారి ఊరికే వదల్లేదు. "వారి సంతానం వారికి దూరమవుతుంది" అని చేర్చాను. పెళ్లయిన కొడుకు భివండీ నుంచి ఒక్కసారైనా రాలేదన్న సంగతి నాకు తెలుసు, అందుకే చేర్చాను. వారం తర్వాత మళ్లీ వచ్చి చదవమంది. అప్పుడు "వారి చేతి నీళ్లు కూడా దేవుడు తాగడు" అన్నాను. ఆమె తల వంచుకుని విని వెళ్లింది. వెనకనుంచి చూస్తే భుజాలు కుంగి ఉన్నాయి. నాకు జాలి కలగలేదు. ఇంకొంచెం నొక్కితే పండు రసం వస్తుందనిపించింది.

వచ్చింది. ఆ వచ్చిన సెలవు రోజు ఆమె వంతు రాగానే చాట పక్కన పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"నా తప్పు," అంది. "ఈ పిల్ల మఠంల చేర్తనన్నది. సిస్టర్లు ఇంటికొచ్చిండ్రు. పిల్లను నా కొడుక్కు అనుకున్నమని చెప్పిన. అబద్ధం. ఎవ్వలు అనుకోలే. తమ్ముని ఇంట్ల దీపం పెట్టెటోళ్లు ఉండరని చెప్పిన అని ఇన్నేండ్లు నాకు నేనే చెప్పుకున్న. ఖరె, నిజంగ అది గూడ కాదు. పిల్ల పోతే నాకు వండిపెట్టెటోళ్లు ఉండరని చెప్పిన. అడిగితే, చాయ తాగిపిచ్చిన గంతే అన్న."

సెలవు రోజు కాబట్టి ప్రతి అక్షరం వినిపించింది. వీధిలో పోయేవాళ్లకు కూడా వినిపించే ఉంటుంది. ఎనిమిదేళ్లు నేను కోరుకున్న మాట ఇదే, ఇలాగే, ఈ మనుషుల ముందే. అక్కడితో ఆపి ఉంటే ఈ కథ రాయాల్సిన పని ఉండేది కాదు.

ఎదురింటి వదిన నా వైపు తిరిగింది. "గిసొంటి తప్పుకు పుస్తకంల శిక్ష ఏమున్నదే?"

ఏమీ లేదు అనొచ్చు. క్షమించమని ఉంది అనొచ్చు, అది నిజంగానే ఉంది, రెండు పేజీల అవతల. నేను పేజీ తిప్పి, కళ్లు కిందికి దించి, తీరిగ్గా చదివాను: "నలభై రోజులు గడప బయట కూర్చోవాలి. అందరూ తిన్నాక తినాలి. ఎవరూ పలకరించకూడదు. నష్టపోయినవారు వచ్చి పిలిస్తేనే లోపలికి రావాలి." చివరి మాట, తాళంచెవి నా దగ్గరుండాలని కలిపాను.

అత్త లేచింది. చాట తీసుకుంది. తన ఇంట్లోంచి, తన గడప దాటి బయటికి వెళ్లి మెట్టు మీద కూర్చుంది.

అవి ఎండాకాలం రోజులు. పన్నెండయితే మెట్టు పెనంలా కాలేది. గోనెపట్టా వేసుకుని కూర్చునేది, రాత్రి దాని మీదే పడుకునేది. ఎదుటి పవర్‌లూమ్ షెడ్డులోంచి దూది పొట్టు ఎగిరొచ్చి ఆమె జుట్టు మీద, ఒళ్లోని తంబాకు మీద పడేది. ఊదుకుంటూ చుట్టేది. వచ్చేపోయేవాళ్లు "ఏందమ్మా, బయట కూసున్నవ్?" అంటే నవ్వి తలూపేది. నేను పుస్తకంలో చదివి వినిపించినదాని కంటే గట్టిగా పాటించింది. మేం తిన్న గిన్నెలు కడిగాక, మిగిలిందే తినేది. ఉప్పు తక్కువైందని ఒక్కనాడూ అనలేదు. నాన్న ఒకటి రెండుసార్లు నోరు తెరవబోయి నా మొహం చూసి మూసుకున్నాడు.

నాకెలా ఉందని అడిగితే, బాగుంది అంటాను. దాచుకోవడమెందుకు? అన్నం రుచిగా ఉండేది. పడుకుంటే నిద్రపట్టేది. గదిలో నా గొంతు ముందుకంటే ఖంగుమనేది, గడప అవతలికి వినపడాలని గట్టిగా చదివేదాన్ని. మఠంలో చేరి ఉంటే నాకింత సుఖం దొరికేదా అని కూడా ఒకనాడు అనుకున్నాను.

నలభయ్యో రోజు గడిచింది. ఆడవాళ్లు నా వైపు చూశారు. రేపు పిలుస్తానన్నాను. రేపు వచ్చింది, తలనొప్పి అన్నాను. ఆ తర్వాత సాకు చెప్పడం కూడా మానేశాను. పిలిస్తే అయిపోతుంది. అయిపోయాక నాకేం మిగులుతుంది? మగ్గాల సెలవు వచ్చింది, ఎవరూ తప్పులు చెప్పుకోలేదు. మూలింటి అక్క కూడా నోరు విప్పలేదు. నా చాటలో పడే కట్టలు తగ్గాయి. ఒకనాడు అసలు పడలేదు.

"నీ చాట నువ్వే నింపుకో," అంది ఎదురింటి వదిన. తర్వాత నా కళ్లలోకి చూసి, "పిలువు పోరీ. నీ దేవుడు గూడ మూడు దినాలకే లేచిండంటవ్ గద. మీ అత్తకు యాభై దినాలు దాటినయ్," అంది.

ఆ రోజే మొదటి వాన పడింది. వీధి మోరీ కాలువ నిండి నీళ్లు మెట్టు అంచుదాకా వచ్చాయి. అత్త కాళ్లు పైకి ముడుచుకుని, చాట మీద కొంగు కప్పి కూర్చుంది. గదిలో కత్తెరలు ఆగిపోయాయి. అందరూ నన్నే చూస్తున్నారు. జాలితో లేచానని చెప్పను, ఆ చూపులు తట్టుకోలేక లేచాను. చేతిలో పుస్తకం ఉంది, అలాగే బయటికి వచ్చాను.

నేను నోరు తెరవకముందే అత్త అంది, "ఆ పేజీ లేదని నాకెర్కనే."

వాన తగలకుండా పుస్తకాన్ని రొమ్ముకు అదుముకున్నాను.

"మూడుసార్లు విన్న. మూడుసార్లు మూడు తీర్ల చదివినవ్. మిగిలిన పుస్తకం ఎన్నిసార్లు చదివినా ఒక్క తీరే ఉంటది. ఇరవై ఏండ్లు మగ్గం మీద కూసున్నదాన్ని, ఒక్క పోగు తప్పితే తెల్వదా నాకు?"

"తెలిస్తే ఎందుకు ఒప్పుకున్నవ్? ఎందుకు కూసున్నవ్ ఈడ?" నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

"పుస్తకంల ఉన్నదైతే ఫాదర్ దగ్గర చెప్పుకుని ఒడగొట్టుకుంటుంటి. నీ కడుపుల ఉన్నదాయె. దానికి ఏడికి పోవాలె నేను? అందుకే కూసున్న."

ఆ క్షణం నాకు కలిగింది పశ్చాత్తాపం అని రాస్తే బాగుంటుంది. కాదు, అది కోపం, ముందున్నదానికంటే పెద్ద కోపం. యాభై రోజులుగా నేను ఆమెను శిక్షిస్తున్నాననుకున్నాను. ఆమె తెలిసి, తనంతట తాను కూర్చుంది. మఠం తీసుకుంది, ఇప్పుడు నా పగ కూడా తీసుకుంది. ఆ మెట్టు మీద మాట లేకుండా, మిగిలింది తింటూ, పని చేసుకుంటూ, నేను బతకాలనుకున్న బతుకు ఆమె బతికేసింది.

"పిలువనొచ్చినవా?" అంది అత్త. వాన నీళ్లు ఆమె ముక్కు మీదుగా కారుతున్నాయి.

"ఆఁ."

"మంచిది. పుస్తకం లోపట పెట్టి రా బిడ్డా. వట్టి చేతుల్తోని వచ్చి పిలువు. లేస్త."

రెండే మాటలు. లోపలికి రా అత్తా. 'అత్తా' కలుపుకుంటే మూడు. పిల్లలు కూడా రోజుకు వందసార్లు అనే మాటలు. లోపల తొమ్మిది చాటలూ కదలడం లేదు. నేను పుస్తకాన్ని ఇంకా గట్టిగా రొమ్ముకు అదుముకున్నాను.

"నలభై అని ఉన్నది పుస్తకంల," అన్నాను. "నలభై అయిపోయినయ్."

అత్త నా మొహం చూసింది. తర్వాత తలూపి, లేవకుండానే కొంగు కింద చెయ్యిపెట్టి, తడవని ఆకు ఒకటి వెతికి తీసుకుంది. నేను లోపలికి వచ్చి నా చోట్లో కూర్చున్నాను. చదువు అని ఎవరూ అనలేదు.